నాలుగేళ్ల కాలేజీ, వందేళ్ల పుస్తకాలు: ట్రాయ్ యూనివర్సిటీ చరిత్రపై ఒక పరిశీలన

తెలుగు బైబిలు కాలేజీల్లో చదివిన పాస్టర్లకు స్ట్రాంగ్స్ కాంకార్డెన్స్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకప్పుడు సెమినరీ లైబ్రరీలో బల్ల మీద పెట్టుకుని తిప్పాల్సిన ఆ భారీ గ్రంథం ఇప్పుడు సెల్‌ఫోన్లోకి వచ్చేసింది. బైబిల్లో ఏ మాట మీద వేలు పెట్టినా పక్కన ఒక సంఖ్య కనిపిస్తుంది. హీబ్రూ, గ్రీకు రానివాళ్లు కూడా ఆ సంఖ్య పట్టుకుని మూలపదం దాకా వెళ్లగలుగుతున్నారు. ఆ సంఖ్యలు వేసిన జేమ్స్ స్ట్రాంగ్, 1858 నుంచి 1861 వరకు అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్లో ఒక చిన్న మెథడిస్టు కాలేజీకి తాత్కాలిక అధ్యక్షుడిగా, బైబిలు సాహిత్య ఆచార్యుడిగా పనిచేశారు. ఆ కాలేజీ పేరు ట్రాయ్ యూనివర్సిటీ. 1858లో తెరుచుకుంది, 1862 చివరికి దాని భవనం అమ్ముడైపోయింది. అలబామా రాష్ట్రంలో ఇదే పేరుతో ఇప్పుడు నడుస్తున్న విశ్వవిద్యాలయానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

నాలుగేళ్లు బతికిన కాలేజీ గురించి ఇప్పుడు రాయడం దేనికన్న ప్రశ్న సహజం. రెండు కారణాలున్నాయి. ప్రొటెస్టెంటు సంఘాలు పెట్టిన చిన్న విద్యాసంస్థలు ఎందుకు నిలబడతాయో, ఎందుకు కూలిపోతాయో తేల్చుకోవడానికి ట్రాయ్‌లో అరుదైన ఆధారం దొరుకుతుంది. ఒకే భవనంలో ఒకదాని తర్వాత ఒకటిగా రెండు సంస్థలు నడిచాయి, వాటిలో ఒకటి నాలుగేళ్లలో పోతే రెండోది ముప్పై రెండేళ్లు నిలిచింది. ఇక రెండో కారణం, ఆ కాలేజీలో పాఠాలు చెప్పిన కొద్దిమంది చేతుల మీదుగా తర్వాతి కాలంలో వెలువడిన గ్రంథాలు. వాటిలో కాలేజీ వాటా ఎంత? ఈ రెండు ప్రశ్నలకూ తేదీలు ఎంతవరకు ఒప్పుకుంటాయో అంతవరకే జవాబు చెప్పడం ఈ వ్యాసం పని.

ఇనుము, కాలర్లు, మెథడిస్టులు

హడ్సన్ నది తూర్పు ఒడ్డున ఉన్న ట్రాయ్ 19వ శతాబ్దం నడుమ సంపన్నమైన పారిశ్రామిక పట్టణం. ఇనుప కార్ఖానాలు, పొయ్యిలు పోతపోసే ఫౌండ్రీలు, గుర్రపు నాడాలు తయారుచేసే బర్డెన్ కార్ఖానా ఆ ఊరికి పేరు తెచ్చాయి. చొక్కా నుంచి విడదీసి ఉతుక్కునే కాలర్లు ఇక్కడే పుట్టాయి, వాటిని కుట్టి, ఉతికి, ఇస్త్రీ చేసే పనిలో వేలమంది ఆడవాళ్లు బతికారు. చదువుల్లోనూ ఊరు వెనకబడి లేదు. 1821లో ఎమ్మా విల్లర్డ్ ఆడపిల్లల బడి, 1824లో ఇప్పటి రెన్‌సెలర్ పాలిటెక్నిక్ ఇక్కడ మొదలయ్యాయి.

మెథడిస్టు సంఘానికి కూడా ఇది ముఖ్యమైన కేంద్రం. తూర్పు న్యూయార్క్, వెర్మాంట్ ప్రాంతాల సంఘాలన్నీ 1832 నుంచి ట్రాయ్ కాన్ఫరెన్సు కింద ఉండేవి. ఆ కాన్ఫరెన్సు 1834లో వెర్మాంట్‌లోని పౌల్ట్నీలో ఒక అకాడమీ పెట్టింది. యూనివర్సిటీ ఆలోచన ఇరవై ఏళ్ల తర్వాత వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆనాటి మెథడిస్టుల్లో చాలామందికి థియలాజికల్ సెమినరీలంటే గురి లేదు. గుర్రమెక్కి ఊరూరా తిరిగే బోధకుడు దారిలోనే చదువుకోవాలని, కాన్ఫరెన్సు నిర్ణయించిన పుస్తకాలు చదివి పరీక్షలకు నిలబడితే చాలని వాళ్ల నమ్మకం. నాలుగ్గోడల మధ్య తయారైన బోధకుడిలో వేడి చల్లారిపోతుందని భయపడేవాళ్లు. అయినా మార్పు మొదలైంది. 1847లో న్యూహాంప్‌షైర్‌లోని కాంకర్డ్‌లో బిబ్లికల్ ఇన్‌స్టిట్యూట్, 1850లలో ఎవాన్‌స్టన్‌లో గారెట్ బిబ్లికల్ ఇన్‌స్టిట్యూట్ వచ్చాయి. ‘సెమినరీ’ అనే మాటకు బదులు ‘బిబ్లికల్ ఇన్‌స్టిట్యూట్’ అనడంలోనే ఆ జంకు కనిపిస్తుంది. ట్రాయ్ యూనివర్సిటీ వీటికి కొంచెం పక్కగా నిలుస్తుంది. అది సాధారణ విద్య చెప్పే కాలేజీ. కానీ బైబిలు సాహిత్యానికి ప్రత్యేకంగా ఒక ఆచార్య పదవి పెట్టింది, దాన్ని తాత్కాలిక అధ్యక్షుడికే అప్పగించింది. కనుక దీన్ని పూర్తి సెమినరీ అని పిలవడం అతిశయోక్తి. సెమినరీ వైపు అడుగులు వేస్తున్న సంఘం కట్టుకున్న కాలేజీ అనడం న్యాయం.

కొండ మీద నాలుగు శిఖరాలు

1856లో పట్టణానికి తూర్పున, మౌంట్ ఐడా అనే ఎత్తు మీద శంకుస్థాపన జరిగింది. బైజాంటిన్ ఛాయలున్న రోమనెస్క్ శైలిలో, నాలుగు శిఖరాలతో పొడవైన భవనం లేచింది. నదిలో స్టీమర్ల మీద వచ్చేవాళ్లకు దూరం నుంచే ఆ శిఖరాలు కనిపించేవి. ఊరి పాత చిత్రపటాల్లో కొండ మీద ప్రముఖంగా అవుపడే కట్టడం అదే.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మనవాళ్లు ఊరికే అనలేదు. గోడలు లేస్తుండగానే, 1857 ఆగస్టు 24న ఒహాయో లైఫ్ ఇన్సూరెన్స్ అండ్ ట్రస్ట్ కంపెనీ చేతులెత్తేసింది. ఆ దెబ్బకు న్యూయార్క్ బ్యాంకులు నగదు చెల్లింపులు ఆపేశాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, రైల్వే కంపెనీలు దివాలా తీశాయి. ట్రాయ్ వంటి ఇనుప పట్టణానికి రైల్వేలు కుంటుపడితే తానూ కుంటుపడక తప్పదు. సంఘాల మీద, స్థానిక దాతల మీద ఆధారపడిన కాలేజీకి ఇంతకన్న చెడ్డ ముహూర్తం ఉండదు. 1858లో తరగతులు మొదలయ్యేనాటికే ఆర్థిక వాతావరణం తలకిందులైపోయింది.

నలుగురు ఆచార్యులు

అధ్యక్షుడిగా జాన్ మెక్లింటాక్‌ను ఎన్నుకున్నారు. పెన్సిల్వేనియాలోని డికిన్సన్ కాలేజీలో పాఠాలు చెప్పినవాడు, 1848 నుంచి 1856 వరకు మెథడిస్ట్ క్వార్టర్లీ రివ్యూ సంపాదకుడు. 1847లో కార్లైల్ పట్టణంలో పారిపోయి వచ్చిన బానిసల పక్షాన నిలిచాడని కేసు పెడితే నిర్దోషిగా బయటపడ్డాడు. ఇంతటి పేరున్న మనిషి అధ్యక్షుడు కావడం కాలేజీకి గౌరవమే. కానీ తేదీలు వేరే మాట చెబుతాయి. 1857లో ఆయన న్యూయార్క్ నగరంలో సెయింట్ పాల్స్ చర్చి పాస్టరు అయ్యాడు. 1860లో పారిస్‌లోని అమెరికన్ చాపెల్‌కు వెళ్లి 1864 దాకా అక్కడే ఉన్నాడు. అధ్యక్షుడి పేరు ఒకరిది, రోజువారీ భారం మరొకరిది అయింది.

ఆ భారం మోసినవాడు స్ట్రాంగ్. 1822లో న్యూయార్క్‌లో పుట్టి, 1844లో వెస్లియన్ యూనివర్సిటీలో పట్టా తీసుకుని, పౌల్ట్నీలోని ట్రాయ్ కాన్ఫరెన్సు అకాడమీలో రెండేళ్లు ప్రాచీన భాషలు చెప్పాడు. ఆ తర్వాత ఫ్లషింగ్ అనే ఊళ్లో స్థిరపడి స్థానిక పాలనలో, రైలు మార్గం పనుల్లో చెయ్యి పెట్టాడు. అభిషేకం పొందిన పాస్టరు కాదు, సంఘ సభ్యుడు మాత్రమే. లెక్కలూ పద్దులూ తెలిసిన వ్యవహారజ్ఞుడు, రాత్రింబవళ్లు హీబ్రూతో గడిపే పండితుడు ఒకే మనిషిలో దొరకడం కొత్త కాలేజీకి అదృష్టం.

మూడోవాడు చార్ల్‌టన్ లూయిస్. యేల్‌లో చదివాడు. 1859లో ట్రాయ్‌కి వచ్చి మొదట గణితం, తర్వాత గ్రీకు చెప్పాడు. స్ట్రాంగ్ వెళ్లిపోయాక 1862లో తాత్కాలిక అధ్యక్షుడయ్యాడు. అప్పటికి ఇంకా ముప్పై ఏళ్లు నిండలేదు. నాలుగోవాడు మార్విన్ విన్సెంట్. లూయిస్ ఈడువాడే, ఇద్దరూ 1834లో పుట్టారు. కొలంబియాలో చదివి 1858లో ట్రాయ్‌లో లాటిన్ ఆచార్యుడిగా చేరాడు.

మూతకు కారణం ఏది?

మొదట తట్టేది అంతర్యుద్ధం. 1861 ఏప్రిల్‌లో ఫోర్ట్ సమ్టర్ మీద కాల్పులు మొదలయ్యాయి, లింకన్ 75 వేల మంది సైనికుల కోసం పిలుపిచ్చాడు. కాలేజీ ఈడు కుర్రాళ్లు బారులు తీరి సైన్యంలో చేరారు. యుద్ధం వచ్చింది, కాలేజీ పోయింది అనే వివరణకు తేదీలు అడ్డు చెప్పవు. కానీ అదే యుద్ధం పక్కూరు స్కెనెక్టడీలోని యూనియన్ కాలేజీకీ వచ్చింది. మెథడిస్టులదే అయిన వెస్లియన్‌కూ వచ్చింది. అవి నష్టపోయాయి గాని నిలిచాయి. కాబట్టి యుద్ధం కాలేజీని కూలదోసిందని చెప్పడం కన్న, అప్పటికే తూలుతున్నదాన్ని తోసిందని చెప్పడం ఆధారాలకు దగ్గర.

రెండోది అగ్నిప్రమాదం. 1862 మే 10న హడ్సన్ మీది చెక్క రైలు వంతెనకు ఇంజను నిప్పురవ్వ అంటుకుని, పెనుగాలికి మంటలు ఊళ్లోకి దూకాయి. ఒక్క పూటలో 500కు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. కొండ మీద ఉన్న ట్రాయ్ యూనివర్సిటీకి మాత్రం ఏమీ కాలేదు. కాలిపోయిన వాటిలో రెన్‌సెలర్ ఇన్‌స్టిట్యూట్ భవనం ఉంది. ఆ ఇన్‌స్టిట్యూట్ తన తరగతులను కొంతకాలం నడుపుకున్న చోట్లలో ఒకటి ట్రాయ్ యూనివర్సిటీ భవనమే.

ఈ ఒక్క సంఘటన దగ్గర కాసేపు ఆగాలి. 1862లో ఒకే ఊళ్లో రెండు విద్యాసంస్థలున్నాయి. ఒకదానికి చెక్కుచెదరని మహాభవనం ఉంది, నడిపే బలం లేదు. రెండోదానికి తలదాచుకోను కప్పు లేదు, కానీ చదివే పిల్లలు, చెప్పే గురువులు ఉన్నారు, ఆ చదువు కావాలనే ఊరు ఉంది. భవనం ఉన్నది ఆ ఏడాది చివరికి చేతులు మారింది. భవనం లేనిది ఈనాటికీ ఉంది. రైలు మార్గాలకు, వంతెనలకు, కార్ఖానాలకు ఇంజనీర్లు కావాల్సిన కాలం అది. రెన్‌సెలర్ ఇచ్చే చదువుకు దగ్గర్లో పోటీ తక్కువ. మెథడిస్టు యువకుడికి మాత్రం కనెక్టికట్‌లో వెస్లియన్, పడమటి న్యూయార్క్‌లో లైమా ఊళ్లోని జెనెసీ కాలేజీ ముందునుంచే ఉన్నాయి. ట్రాయ్‌లో మాత్రమే దొరికే చదువు అంటూ ఏదీ అతని కంటికి ఆనలేదు.

మూడో కారణం డబ్బు కొరత. 1857 సంక్షోభం యుద్ధానికి నాలుగేళ్ల ముందుది, అగ్నిప్రమాదానికి అయిదేళ్ల ముందుది. వరుస క్రమం చూస్తే ఆర్థిక బలహీనతే మొదట వచ్చింది, మిగతావి దాని మీద పడ్డాయి. అధ్యక్షుడు ఊళ్లో లేకపోవడం ఈ బలహీనతను పెంచి ఉంటుంది. ఆ కాలంలో కాలేజీ అధ్యక్షుడి మొదటి పని పాఠం చెప్పడం కాదు, సంఘం నుంచి సంఘానికి తిరిగి చందాలు కూడగట్టడం. ఇది తర్కం మీద నిలిచే ఊహే అయినా బలమైన ఊహ.

ట్రాయ్ కథ ఒంటరిది కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. డొనాల్డ్ ట్యూక్స్‌బరీ 1932లో ప్రచురించిన అధ్యయనంలో అంతర్యుద్ధానికి ముందు పదహారు రాష్ట్రాల్లో పుట్టిన 516 కాలేజీలను లెక్కించి, వాటిలో 412 మిగల్లేదని, అంటే నూటికి ఎనభై దాకా పోయాయని తేల్చాడు. ఈ అంకెను చాలాకాలం వేదవాక్కులా వాడారు. 1970లు, 80లలో నటాలీ నేలర్, కోలిన్ బర్క్ వంటి పరిశోధకులు దాన్ని తప్పుపట్టారు. కాగితం మీద ఛార్టర్ పుచ్చుకుని ఎప్పుడూ తలుపులు తెరవని వాటిని కూడా ఆ లెక్కలో కలిపారన్నది వాళ్ల అభ్యంతరం. నిజంగా పనిచేసిన కాలేజీల్లో నిలిచినవే ఎక్కువ అని బర్క్ లెక్క. ఈ సవరణను ఒప్పుకుంటే ట్రాయ్ పతనం మామూలు విషయం కాకుండా పోతుంది. తలుపులు తెరిచి, మంచి గురువులను పెట్టుకుని కూడా పోయిన కాలేజీ కనుక దానికి ప్రత్యేకమైన వివరణ కావాలి.

అదే కప్పు కింద మరో సెమినరీ

1862 డిసెంబరులో ట్రాయ్‌లోని సెయింట్ మేరీస్ చర్చి పాస్టరు ఫాదర్ పీటర్ హావర్మన్స్ ఈ ఆస్తిని 60 వేల డాలర్లకు కొన్నారు. కొనిపించింది న్యూయార్క్ ఆర్చిబిషప్ జాన్ హ్యూస్. 1864లో అక్కడ సెయింట్ జోసెఫ్స్ ప్రొవిన్షియల్ సెమినరీ మొదలైంది. బెల్జియంలోని ఘెంట్ నుంచి గురువులు వచ్చారు. వాళ్లలో ఒకరైన హెన్రీ గాబ్రియెల్స్ తర్వాత ఆ సెమినరీకి అధిపతి అయి, 1892లో ఆగ్డెన్స్‌బర్గ్ బిషప్ అయ్యారు. వందలమంది కాథలిక్కు గురువులు (ప్రీస్టులు) ఇక్కడ తయారయ్యారు. మెథడిస్టులు కట్టిన గదుల్లో కాథలిక్కు గురువిద్య ముప్పై రెండేళ్లు సాగింది.

భవనం అదే, కొండ అదే, ఊరు అదే. కాలేజీని ముంచింది ఆ భవనమో ఆ చోటో అయితే రెండో సంస్థ కూడా తొందరగానే మునగాలి. మునగలేదు. తేడా ఎక్కడుందంటే వెనకనున్న అవసరంలో. ఐర్లండు కరువు తర్వాత లక్షల సంఖ్యలో వచ్చిన కాథలిక్కు వలసదారులకు గురువుల కొరత తీవ్రంగా ఉంది. పలు డయోసిస్‌లు ఉమ్మడిగా విద్యార్థులను పంపాయి, ఖర్చు పంచుకున్నాయి. 1896లో ఈ సెమినరీ మూతపడింది, న్యూయార్క్ ఆర్చిడయోసిస్ తన నగరానికి దగ్గరగా యాంకర్స్‌లోని డన్‌వుడీలో కొత్త సెమినరీ కట్టుకున్నందువల్ల. అంటే చోటు ప్రభావం బొత్తిగా లేదని అనలేం. ముప్పై ఏళ్లలో అది పనిచేసింది, నాలుగేళ్లలో కాదు.

అవసరం వెనకుంటే డబ్బు పోయినా సంస్థ బతుకుతుందనడానికి మెథడిస్టుల్లోనే మరో సాక్ష్యం ఉంది. హడ్సన్ స్టీమర్ల మీద, వాల్‌స్ట్రీట్‌లో సంపాదించిన డేనియల్ డ్రూ ఇచ్చిన మాట మీద 1867లో న్యూజెర్సీలో డ్రూ థియలాజికల్ సెమినరీ మొదలైంది. మొదటి అధ్యక్షుడు మెక్లింటాకే. స్ట్రాంగ్ 1868లో అక్కడ ఆచార్యుడయ్యాడు. 1876లో డేనియల్ డ్రూ దివాలా తీశాడు, ఆయన ఇస్తానన్న శాశ్వత నిధి గాలికి పోయింది. సెమినరీ మూతపడాల్సిన స్థితి. అప్పటి అధ్యక్షుడు జాన్ ఫ్లెచర్ హర్స్ట్ ఊరూరా తిరిగి సంఘాల నుంచి నిధి పోగుచేశారు. సెమినరీ నిలిచింది. అప్పటికి చదువుకున్న పాస్టర్లు కావాలని మెథడిస్టు సంఘాలు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాయి. ట్రాయ్ నాటికి ఆ ఒప్పుకోలు సగమే జరిగింది.

రామపట్నం నుంచి చూస్తే

ఈ వాదాన్ని మన నేల మీద కూడా పరీక్షించవచ్చు. ట్రాయ్‌కి కొద్ది మైళ్ల దిగువన, నదికి అవతలి ఒడ్డున ఆల్బనీ ఉంది. 1853లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ యూనియన్ వార్షిక సభ అక్కడే జరిగింది. పదిహేడేళ్లుగా పెద్దగా ఫలితం కనిపించని తెలుగు మిషన్‌ను, అంటే నెల్లూరును, వదిలేయాలా అన్నది ఆ సభ ముందున్న ప్రశ్న. పటం మీద ఒంటరి చుక్కలా ఉన్న నెల్లూరు గురించి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ రాసిన కవిత సభను కదిలించింది, మిషన్ నిలిచింది. ‘లోన్ స్టార్ మిషన్’ అనే పేరు అలా వచ్చింది. మూడేళ్ల తర్వాత ట్రాయ్ కొండ మీద మెథడిస్టులు శంకుస్థాపన చేశారు.

1866లో జాన్ క్లౌ ఒంగోలుకు వచ్చారు. యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ విశ్వాసులు పల్లెపల్లెకూ మాట మోసుకెళ్లారు. బోధకులను తయారుచేయడానికి 1870లలో రామపట్నంలో బాప్టిస్టు థియలాజికల్ సెమినరీ మొదలైంది. 1876–78 కరువు తర్వాత, 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతమందికి చదవడం నేర్పేవాళ్లు, ఆదివారం కూడిక నడిపేవాళ్లు ఎక్కడి నుంచి రావాలి? ఆ ప్రశ్నకు జవాబుగా రామపట్నం నిలిచింది. ట్రాయ్‌లో కాలేజీ ముందు కట్టి విద్యార్థుల కోసం చూశారు. ఇక్కడ సంఘాలు ముందు పుట్టి బోధకుల కోసం సెమినరీ వైపు చూశాయి.

పోలికను మరీ సాగదీయకూడదు. రామపట్నం వెనక అమెరికన్ మిషన్ డబ్బు ఉంది, ట్రాయ్‌కి అలాంటి బయటి దాత లేడు. పైగా అవసరం ఉన్నంత మాత్రాన చిన్న సెమినరీలన్నీ విడివిడిగా నిలవవు. ఆ సంగతి తెలుసుకునే లూథరన్లు, బాప్టిస్టులు, మరికొన్ని సంఘాలు కలిసి 1964లో రాజమండ్రిలో ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీని ఏర్పాటు చేశాయి, 1973లో అది హైదరాబాదుకు మారింది. అయినా మూల సూత్రం రెండు చోట్లా ఒకటే. చిన్న థియలాజికల్ కాలేజీ ఆయుష్షును మొదట నిర్ణయించేది దాని కోసం ఎదురుచూసే సంఘాల సంఖ్య, ఆ తర్వాతే గోడల ఎత్తు.

ట్రాయ్ ఖాతాలో ఏం రాయాలి?

ఇక రెండో ప్రశ్న. ఆ నలుగురి పేర్లతో తర్వాత వచ్చిన గ్రంథాల జాబితా చూస్తే కళ్లు తిరుగుతాయి. మెక్లింటాక్, స్ట్రాంగ్ కలిసి మొదలుపెట్టిన బైబిలు విజ్ఞాన సర్వస్వం పది సంపుటాలుగా 1867–1881 మధ్య వచ్చింది. 1870లో మెక్లింటాక్ పోయాక స్ట్రాంగే దాన్ని పూర్తిచేశాడు. లూయిస్, చార్లెస్ షార్ట్‌ల లాటిన్ నిఘంటువు 1879లో వచ్చింది. అందులో ‘ఎ’ అక్షరం షార్ట్‌ది, మిగతాదంతా లూయిస్ శ్రమ. విన్సెంట్ రాసిన కొత్త నిబంధన పదాల వివరణ నాలుగు సంపుటాలుగా 1887–1900 మధ్య వెలువడింది. స్ట్రాంగ్ కాంకార్డెన్స్ 1890లో వచ్చింది. వీటిలో ఏ ఒక్కటీ పాతబడి మూలన పడలేదు, లాటిన్ విద్యార్థులు, బైబిలు విద్యార్థులు ఇప్పటికీ తెరుస్తూనే ఉన్నారు.

ఇదంతా ట్రాయ్ పుణ్యమే అనడం తేలిక, కానీ తేదీలు ఒప్పుకోవు. విజ్ఞాన సర్వస్వం పని 1853 ప్రాంతంలోనే మొదలైంది, ట్రాయ్‌లో శంకుస్థాపనకు ముందే. ఇక్కడ సంబంధం తిరగేసి చూడాలి. మెక్లింటాక్ అధ్యక్షుడిగా, స్ట్రాంగ్ తాత్కాలిక అధ్యక్షుడిగా రావడానికి వాళ్లిద్దరి పాత స్నేహం, ఉమ్మడి పని దోహదం చేసి ఉండవచ్చు. పుస్తకం కాలేజీ నుంచి పుట్టలేదు, కాలేజీయే ఆ పుస్తకం కోసం కలిసినవాళ్ల దగ్గరికి వెళ్లింది. లాటిన్ నిఘంటువుకూ ట్రాయ్‌కీ మధ్య పదిహేడేళ్లున్నాయి. ఆ మధ్యలో లూయిస్ ప్రభుత్వ ఉద్యోగం, న్యాయవాద వృత్తి, పత్రికా సంపాదకత్వం అన్నీ చూశాడు. దాన్ని ట్రాయ్ ఖాతాలో వేయడం న్యాయం కాదు.

నిస్సందేహంగా ట్రాయ్ ఖాతాలో వేయదగ్గది ఒకటుంది. జర్మన్ పండితుడు యోహాన్ ఆల్‌బ్రెఖ్ట్ బెంగెల్ 1742లో కొత్త నిబంధన మీద లాటిన్‌లో రాసిన ‘గ్నోమోన్’ అనే వ్యాఖ్యానాన్ని లూయిస్, విన్సెంట్ కలిసి ఇంగ్లీషులోకి తెచ్చారు. అది 1860–62 మధ్య ఫిలడెల్ఫియాలో అచ్చయింది. ఒకరు లాటిన్ ఆచార్యుడు, మరొకరు గ్రీకు ఆచార్యుడు, ఇద్దరికీ ఇరవై ఆరేళ్లు. యుద్ధం తలుపు తడుతుండగా, కాలేజీ కుదేలవుతుండగా, పక్కపక్కన కూర్చుని ఒక మహా వ్యాఖ్యానాన్ని పూర్తిచేశారు. ఆ కాలేజీ లేకపోతే ఆ ఇద్దరూ ఒక చోట చేరే వీలు చాలా తక్కువ.

అక్కడి నుంచి మరో అడుగు జాగ్రత్తగా వేయవచ్చు. వచనంలో ఒక్కొక్క మాటనే పట్టుకుని, క్లుప్తంగా, వ్యాకరణం చూపిస్తూ వివరించడం బెంగెల్ పద్ధతి. విన్సెంట్ తర్వాత రాసిన పదవివరణలు కూడా మాటామాటా పట్టుకునే సాగుతాయి. ఆయన 1863లో ట్రాయ్‌లోనే ఫస్ట్ ప్రెస్బిటేరియన్ చర్చి పాస్టరై పదేళ్లు ఉన్నాడు, ఆ తర్వాత న్యూయార్క్‌లోని యూనియన్ థియలాజికల్ సెమినరీలో ఆచార్యుడయ్యాడు. ట్రాయ్‌లో నేర్చిన పద్ధతి తర్వాతి గ్రంథానికి దారి వేసిందనడం సాక్ష్యంతో రుజువైన విషయం కాకపోయినా, రెండు గ్రంథాలనూ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లకు నమ్మదగ్గ ఊహ.

కాంకార్డెన్స్ విషయంలో లెక్క ఇంకా సున్నితం. కింగ్ జేమ్స్ బైబిల్లోని ప్రతి మాటనూ అది వచ్చే ప్రతి వచనంతో సహా అక్షరక్రమంలో పేర్చి, ఒక్కొక్క మూలపదానికి ఒక సంఖ్య ఇచ్చారు. హీబ్రూ వరుస 8674 దాకా, గ్రీకు వరుస 5624 దాకా వెళుతుంది. యోహాను సువార్త మొదటి వచనంలో తెలుగు బైబిలు ‘వాక్యము’ అన్నచోట గ్రీకు సంఖ్య 3056. దాన్ని పట్టుకోవాలంటే తెలుగు పాస్టరు ముందు కింగ్ జేమ్స్ పాఠంలో ఆ వచనంలోని ఇంగ్లీషు మాట చూసుకుని, కాంకార్డెన్స్‌లో ఆ మాట కింద ఆ వచనం పక్కన ఉన్న సంఖ్య పట్టుకుని, గ్రంథం చివరి నిఘంటువులో ఆ అంకె దగ్గరికి వెళ్లాలి. అక్కడి నుంచి అదే సంఖ్య ఉన్న మిగతా వచనాలన్నీ వెతకవచ్చు. అక్షరమాల రానివాడికి అంకెలతో దారి వేయడం ఇందులోని విశేషం. వందమందికి పైగా సహాయకులతో జరిగిన ఈ మహాకార్యానికి నిలయం డ్రూ సెమినరీ, ట్రాయ్ కాదు. ట్రాయ్ ఇచ్చినది బైబిలు సాహిత్య ఆచార్యుడన్న పదవి. ఫ్లషింగ్‌లో సొంతంగా చదువుకుంటూ, ఊరి పనులు చక్కబెడుతున్న మనిషిని కాలేజీ బైబిలు గురువుగా నిలబెట్టింది. డ్రూ అతన్ని పిలిచేనాటికి ఆ అనుభవం అతని వెంట ఉంది. ఇంతకుమించి చెప్పడానికి ఆధారం లేదు, ఇంత చెప్పకపోతే ట్రాయ్‌కి అన్యాయం. స్ట్రాంగ్ చివరికి 1894 ఆగస్టులో ట్రాయ్‌కి ఉత్తరాన ఉన్న రౌండ్ లేక్‌లో కన్నుమూశాడు. అది ట్రాయ్ మెథడిస్టులు 1868లో క్యాంపు మీటింగుల కోసం ఏర్పాటు చేసుకున్న ఊరు. కాలేజీ పోయినా ఆ ప్రాంతపు సంఘంతో అతని అనుబంధం పోలేదనడానికి ఇది ఒక సూచన.

భవనం కథ కూడా ముగించాలి. 1908లో సిస్టర్స్ ఆఫ్ సెయింట్ జోసెఫ్ దాన్ని తీసుకున్నారు. 1958లో రెన్‌సెలర్ కొన్నది, 1969లో పడగొట్టించింది. ఆ చోట 1976లో ఫాల్సమ్ లైబ్రరీ తెరుచుకుంది. సిస్టర్ల కాలంలో 1933లో కట్టిన చాపెల్ మాత్రం మిగిలింది, 1979 నుంచి అదే వూర్హీస్ కంప్యూటింగ్ సెంటర్. 1862లో భవనం కాలిపోయి తరగతులతో ఈ కొండకు వచ్చిన ఇన్‌స్టిట్యూటే చివరికి కొండను సొంతం చేసుకుంది.

తేలిన విషయాలు

ట్రాయ్ యూనివర్సిటీ పోవడానికి మూలం అంతర్యుద్ధం కాదు, అగ్నిప్రమాదం అసలే కాదు. 1857 నాటి ఆర్థిక దెబ్బ, ఊళ్లో లేని అధ్యక్షుడు, దగ్గర్లోని ఇతర మెథడిస్టు కాలేజీలు, అన్నిటికీ మించి చదువుకున్న బోధకుల అవసరాన్ని సంఘం ఇంకా పూర్తిగా ఒప్పుకోకపోవడం కలిసి దాన్ని బలహీనపరిచాయి. అదే భవనంలో సెయింట్ జోసెఫ్స్, అదే మనుషులతో నడిచిన డ్రూ, మన దగ్గర రామపట్నం ఈ నిర్ణయానికి ఊతమిస్తున్నాయి. రెండో సంగతి, మూతపడిన కాలేజీని విఫలమైనదని ఒక్క మాటతో కొట్టిపారేయడం చరిత్ర కాదు. నాలుగేళ్లలో అది ఒక గొప్ప వ్యాఖ్యానానికి నీడనిచ్చింది, నలుగురు పండితుల జీవితాల్లో ఒక మజిలీ అయింది. తర్వాతి గ్రంథాల ఘనతంతా దానికి కట్టబెట్టడం కూడా చరిత్ర కాదు.

మన దగ్గర కూడా విలీనమైనవి, పేర్లు మార్చుకున్నవి, తలుపులు మూసుకున్నవి ఎన్నో చిన్న బైబిలు కాలేజీలున్నాయి. వాటి గురించి ఇలా తూచి రాయాలంటే హాజరు పట్టీలు, కమిటీ మినిట్సు పుస్తకాలు, చందా రసీదులు, పాత ఫొటోలు కావాలి. ట్రాయ్ గురించి ఇంత చెప్పగలిగామంటే గురువుల జీవిత వివరాలు, ఆస్తి చేతులు మారిన తేదీలు, గ్రంథాల అచ్చు సంవత్సరాలు ఎవరో భద్రపరిచినందుకే. ప్రతి సంఘం, ప్రతి సెమినరీ తన బీరువాలో ఉన్న కాగితాలకు చెదలు పట్టకముందే జాబితా రాయించి, స్కాన్ చేయించి, పరిశోధకులకు తెరిచి ఉంచాలి. ఊళ్లలో సేవ చేసి పేరు లేకుండా వెళ్లిపోయిన తెలుగు బోధకులకు, ఉపాధ్యాయులకు న్యాయం జరగాలంటే మొదట జరగాల్సిన పని ఇదే.